మా వీధి చివర ఉన్న మహిళల షెల్టర్‌కు ఏం చేస్తే నిజంగా పనికొస్తుంది?

లలిత_సికింద్రాబాద్ · శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది సికింద్రాబాద్ వైపు 120 ఫ్లాట్ల కాలనీ. మా వీధి చివర పాత కమ్యూనిటీ హాలు ఉంది. దాని మేడ మీద ఇల్లూ వాకిలీ లేని ఆడవాళ్లకు షెల్టర్ నడుస్తోందని నాకు పోయిన వారం దాకా తెలియదు. మూడేళ్లుగా నడుస్తోందట. రోజూ ఆ దారినే పాలకు వెళ్తాను.

మెడికల్ షాపు దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపి, "అమ్మా, ఈ గోళీ పొద్దున్నదా రాత్రిదా?" అని చీటీ చూపించింది. చదివి చెప్పి, ఆవిడతో పాటు షెల్టర్ దాకా నడిచాను. లోపల 30 మందికి పైనే ఉన్నారు. రెండే బాత్రూములు. కేర్‌టేకర్ చాలా మంచి మనిషి. ఈ డిసెంబర్‌లో ఇప్పటికే నాలుగు బృందాలు వచ్చి దుప్పట్లు ఇచ్చి వెళ్లాయట. బీరువా నిండిపోయి, మిగతావి మెట్ల కింద పెట్టారు. మరి ఏం కావాలి అని అడిగితే, "మీరు ఏది ఇచ్చినా సంతోషమే, అడిగితే బాగోదు కదమ్మా" అంది.

వచ్చే ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్ ఉంది. అక్కడ ఏదైనా చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. షెల్టర్లలో పనిచేసినవాళ్లు, ఉన్నవాళ్లు, ఎవరైనా చెప్పండి.

సాయి_కొత్తపేట · రాత్రి 9:32

మేమూ పోయిన ఏడాది ఆఫీసులో డబ్బులు పోగేసి అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి చుట్టుపక్కల 150 దుప్పట్లు పంచాం అక్కా. వారం తర్వాత అటు వెళ్తే కొందరి దగ్గర మూడేసి ఉన్నాయి, కొందరికి ఒక్కటీ లేదు. పగలు దాచుకునే చోటు లేక రెండు రోజులకే పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మీకు వచ్చే జవాబులు నాకూ పనికొస్తాయి.

రాత్రి_డ్యూటీ · రాత్రి 10:47

లలిత గారూ, నేను పాతబస్తీ వైపు మగవాళ్ల షెల్టర్‌లో నాలుగేళ్లు రాత్రి కేర్‌టేకర్‌గా చేశాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

అసలు డబ్బు లెక్క తెలిస్తే సగం అర్థమవుతుంది. పట్టణ నిరాశ్రయుల షెల్టర్లు 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద నడుస్తూ వచ్చాయి. ఆ పథకం లెక్కలో 50 మంది షెల్టర్‌కు నిర్వహణ ఖర్చు ఏడాదికి 6 లక్షలు. అంటే నెలకు 50 వేలు. అందులోనే ఒక మేనేజర్, షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు కేర్‌టేకర్లు. కరెంటు, నీళ్లు, ఫినాయిల్ కూడా అందులోంచే. మనిషికి రోజుకు పంచితే 33 రూపాయలు కూడా పడదు. అదైనా టైముకు రాదు. మేం నడిపిన చోట ఒకసారి ఐదు నెలలు జీతం రాలేదు. ఊరికే వదిలేసి వెళ్లలేం కదా, రాత్రి తాళం ఎవరు తీస్తారు?

అందుకే ముందు కోత పడేది చిన్న ఖర్చులకే. బట్టల సబ్బు, ఒంటి సబ్బు, కొత్త లోదుస్తులు (వాడినవి ఎవరూ ఇవ్వొద్దు, దయచేసి), ఆడవాళ్ల షెల్టర్ కాబట్టి ప్యాడ్లు, పేల మందు, చీపుళ్లు, ట్యూబ్‌లైట్లు. మోటారు కాలిపోతే మాకు తొమ్మిది రోజులు నీళ్లు లేవు. 40 మంది, తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి "మోటారు బాగు చేయిస్తాం" అని ఉంటే వాళ్ల కాళ్లకు మొక్కేవాడిని. అప్పుడు కూడా దుప్పట్లే వచ్చాయి.

నల్లుల సంగతి వేరే చెప్పాలి. పరుపుల్లో నల్లులు పడితే మనుషులు లోపల పడుకోకుండా ఫుట్‌పాత్ మీదికే వెళ్లిపోతారు. మూడు నెలలకోసారి మందు కొట్టించాలి. దానికి దాత ఎవరూ దొరకరు, ఎందుకంటే అక్కడ పేరు రాయడానికి ఏమీ ఉండదు.

ఇంకోటి, తాళం వేసుకునే పెట్టె. మనిషికొక చిన్న ఇనుప లాకర్ ఉంటే చాలు. షెల్టర్ ఉన్నా జనం బయట ఎందుకు పడుకుంటారని అందరూ అడుగుతారు. సంచి పోతుందనే భయం ఒక కారణం. తెల్లారితే కూలికి తీసుకెళ్లే అడ్డాకు షెల్టర్ దూరంగా ఉండటం ఇంకోటి. ఆలుమగలు విడివిడిగా పడుకోవాల్సి రావడం కూడా ఉంది.

మా రిజిస్టర్‌లో ఎక్కువమంది క్యాటరింగ్ పనివాళ్లు, హమాలీలు, సెంట్రింగ్ కూలీలు. ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడిగి రాత్రి ఒంటిగంటకు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఇంతకన్నా కష్టపడి బతికేవాళ్లను నేను చూడలేదు.

శ్రీనివాస్_సి_బ్లాక్ · శనివారం ఉదయం 7:05

లలిత గారి కాలనీలోనే ఉంటాను. నా మాట కొందరికి నచ్చదు, అయినా చెప్పాలి. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ట్యూషన్ నుంచి రాత్రి 8 గంటలకు ఆ సందులోంచే వస్తారు. అక్కడ లైటు లేదు. షెల్టర్ గేటు ముందు తాగినవాళ్లు కూర్చుని ఉండటం నేనే రెండుసార్లు చూశాను. పోయిన ఎండాకాలంలో ఎవరో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద పడుకుంటే వాచ్‌మన్ లేపాల్సి వచ్చింది. సాయం చేయొద్దని అనడం లేదు. ఇళ్ల మధ్య కాకుండా ఊరి బయట పెద్ద స్థలంలో కట్టి, అక్కడ అన్ని వసతులూ ఇవ్వొచ్చు కదా అంటున్నాను.

లలిత_సికింద్రాబాద్ · ఉదయం 8:20

శ్రీనివాస్ గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది, నాకూ మనవరాలు ఉంది. ఆ సందులో లైటు లేని మాట నిజం. కానీ గేటు ముందు కూర్చునే మగవాళ్ల గురించి కేర్‌టేకర్‌ను అడిగాను. వాళ్లు షెల్టర్ వాళ్లు కాదు. పక్కన వైన్ షాపు నుంచి వచ్చేవాళ్లు. లోపల ఉన్న ఆడవాళ్లకే వాళ్లంటే భయం. రాత్రి 7 దాటితే బయటికి రారట.

వకీలు_సుజాత · ఉదయం 11:15

ఊరి బయట ఎందుకు కుదరదో చెబుతాను. నేను ఈ కేసులు చూస్తుంటాను.

2009 డిసెంబర్‌లో ఢిల్లీలో చలి ముదిరిన రోజుల్లో పూసా రోడ్డు దగ్గర ఒక రాత్రి షెల్టర్‌ను తీసేశారు. ఆహార హక్కు కేసు అప్పటికే సుప్రీంకోర్టులో నడుస్తోంది కాబట్టి విషయం అక్కడికి చేరింది. 2010లో కోర్టు ఢిల్లీతో ఆగకుండా, 5 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో లక్ష మందికి కనీసం ఒక షెల్టర్ ఉండాలని, అది 24 గంటలూ, ఏడాది పొడవునా తెరిచి ఉండాలని చెప్పింది. తర్వాత వచ్చిన పథకం మార్గదర్శకాలు కూడా లక్ష జనాభాకు 100 మంది పట్టే చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అన్నాయి. నిరాశ్రయులు ఉండే, పనిచేసే ప్రాంతాలకు దగ్గరగా షెల్టర్ ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. అంటే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లు, ఆసుపత్రుల దగ్గర. కోటి దాటిన జనాభా ఉన్న హైదరాబాద్‌కు ఈ లెక్కన ఎన్ని ఉండాలో మీరే వేసుకోండి. ఇప్పుడున్నవి అందులో చిన్న భాగం.

ఊరి బయట కడితే పొద్దున 5 గంటలకు అడ్డా మీద ఎలా నిలబడతారు? వారం రోజులకే ఖాళీ అవుతుంది. 2017 నవంబర్‌లో నగరంలో అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు యాచకులను పట్టుకుని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అలా తీసుకెళ్లినవాళ్లలో మళ్లీ వీధుల్లోకే వచ్చినవాళ్లు ఎందరో. వీధులు ఖాళీగా కనిపించింది కొన్ని రోజులే.

లలిత గారూ, మీ షెల్టర్‌లో ఒక పని చేయండి. ఎందరికి ఆధార్ ఉంది, ఎందరికి అందులో ఫోన్ నంబర్ లింక్ అయి ఉంది, ఒక కాగితం మీద రాసుకోండి. గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆధార్‌కు చిరునామా రుజువుగా తీసుకుంటారు. ఓటు కూడా అంతే. ఇల్లు లేనివాళ్లు ఓటరు నమోదుకు ఫారం 6 ఇస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూసుకుంటారు. వేరే చిరునామా కాగితం అక్కర్లేదు. కాగితాలు లేక పింఛను రాని పెద్దవాళ్లు మీ దగ్గర కచ్చితంగా ఉంటారు. తెలంగాణలో వృద్ధాప్య, వితంతు పింఛను 2,016 రూపాయలు. అది నెలనెలా వస్తే షెల్టర్ వదిలి చిన్న గదిలో వాటాకు చేరేవాళ్లను చూశాను.

నాంపల్లి_దర్జీ · మధ్యాహ్నం 2:40

నేను షెల్టర్‌లో ఏడు నెలలు ఉన్నాను.

2020 లాక్‌డౌన్‌లో పని పోయింది. నేను పనిచేసే దుకాణంలోనే పడుకునేవాడిని, అది మూసేశారు. మొదట స్టేషన్ బయట, తర్వాత షెల్టర్. శ్రీనివాస్ అన్న రాసింది చదివితే కోపం రాలేదు. నేను కూడా దుకాణంలో ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లను చూసి "తాగి పడ్డాడు" అనుకునేవాడిని.

మాకు ప్రతి గురువారం ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేది. ఏమీ తెచ్చేది కాదు. కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటే, మేం ఒక్కొక్కరం వెళ్లి మా పని చెప్పేవాళ్లం. బ్యాంకు ఫారం, ఊరికి ఉత్తరం, పోయిన ఫోన్ మీద ఫిర్యాదు. నా ఆధార్‌లో పాత నంబర్ ఉండేది. ఓటీపీ రాక బ్యాంకులో ఉన్న 11 వేలు తీసుకోలేకపోయాను. నా డబ్బే, నా పేరు మీదే ఉంది, నేనేమో వీధిలో ఉన్నాను. ఆవిడ రెండు గురువారాలు నాతో ఆధార్ కేంద్రానికి వచ్చింది. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ మెషీన్ కొన్నాను. ఇప్పుడు మల్లేపల్లిలో గది ఉంది.

లలితమ్మా, మీరు ఆ పెద్దావిడకు చీటీ చదివి పెట్టారు కదా. అదే చేయండి. వారానికి ఒక్కరోజు చాలు, కానీ అదే రోజు, అదే టైముకు రండి. మేం ఎదురు చూసేవాళ్లం.

డాలస్_వేణు · సాయంత్రం 6:55

చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా ఊరు సూర్యాపేట, చదువుకున్నది సికింద్రాబాద్‌లోనే. మేం నలుగురం స్నేహితులం కలిసి లాకర్లకు, మోటారుకు డబ్బు పంపాలనుకుంటున్నాం. నేరుగా షెల్టర్ నడిపే సంస్థ ఖాతాకు వేయొచ్చా?

వకీలు_సుజాత · రాత్రి 7:30

వేణు గారూ, వేసేముందు ఆగండి. మీలో భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు మామూలు బ్యాంకు మార్గంలో ఇస్తే అది విదేశీ విరాళం కింద లెక్క కాదు. పాస్‌పోర్ట్ కాపీ సంస్థకు ఇవ్వండి, వాళ్ల రికార్డుకు ఉంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే అవుతారు. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. చిన్న సంస్థలకు ఇది సాధారణంగా ఉండదు. మీ మంచితనం వాళ్లకు కేసుగా మారకూడదు.

ఇక్కడివాళ్లకు ఒక మాట: విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే 2,000 దాటిన మొత్తం నగదుగా ఇవ్వొద్దు. వస్తువులకు ఆ మినహాయింపు రాదు.

డాలస్_వేణు · రాత్రి 7:48

నలుగురిలో ఇద్దరం ఇంకా హెచ్1బీ వీసా మీదే, భారత పాస్‌పోర్ట్‌తోనే ఉన్నాం. మా ఇద్దరి పేరు మీద పంపుతాం. చాలా థాంక్స్ అండీ.

వార్డు_సిస్టర్ · రాత్రి 11:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. ప్రభుత్వ ఆసుపత్రి నర్సును.

మా వార్డు నుంచి డిశ్చార్జ్ అయ్యాక వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయినవాళ్లు, మూత్రం గొట్టంతో ఉన్నవాళ్లు. షెల్టర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు పాపం, "సిస్టర్, మెట్లెక్కలేరు, చూసుకునే మనిషి లేదు" అంటారు. వాళ్లది తప్పు కాదు. మీ షెల్టర్ కూడా మేడ మీద ఉందన్నారు. కింద హాలులో రెండు మంచాలు వేయించగలరేమో చూడండి.

షుగర్ ఉన్నవాళ్లు ఎందరున్నారో అడిగారా? ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని షెల్టర్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఆ మందు పాడైపోతుంది. వాళ్లు వేసుకుంటూనే ఉంటారు, షుగర్ తగ్గదు, కాలికి పుండు పడి మళ్లీ మా దగ్గరికే వస్తారు. పాత చిన్న ఫ్రిజ్ ఎవరింట్లోనైనా మూల పడి ఉంటుంది.

రెండు వారాలు దాటి దగ్గు ఉన్నవాళ్లకు కఫం పరీక్ష చేయించండి. టీబీ అని తేలితే మందులు ఉచితం, పోషణకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. ఖాతా ఉండాలి. సుజాత గారు చెప్పిన కాగితాల పని మందులంత ముఖ్యమని నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

మతిస్థిమితం లేని ఆడమనిషి రోడ్డు మీద కనిపిస్తే నేరుగా షెల్టర్‌కు పట్టుకెళ్లకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, అలా తిరుగుతున్నవాళ్లను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యశాలకు తీసుకెళ్లే బాధ్యత పోలీసులది. ఇల్లు లేనివాళ్లకు రేషన్ కార్డు ఉన్నా లేకున్నా చికిత్స ఉచితం. సలహాకు 14416కు ఫోన్ చేయండి. వదిలేసిన పెద్దవాళ్లయితే 14567.

బెజవాడ_రమణ · ఆదివారం ఉదయం 6:40

మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు మేం రెండు రోజులు మేడ మీద, తర్వాత నాలుగు రోజులు ఒక కల్యాణ మండపంలో ఉన్నాం. సొంత ఇల్లు, రెండు బళ్లు ఉన్న మనిషిని, పొట్లం కోసం వరుసలో నిలబడ్డాను. అన్నం బాగానే వచ్చింది, మనవాళ్లు అన్నానికి లోటు రానివ్వరు. గోదావరి జిల్లాల్లో డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పటికీ తలుచుకుంటాం కదా. ఐదు రూపాయలకు అన్న క్యాంటీన్‌లో కడుపు నిండుతుంది, మీ హైదరాబాద్‌లోనూ 2014 నుంచి ఐదు రూపాయల భోజనం ఉంది.

ఆ నాలుగు రోజులూ నాకు బాధనిపించింది స్నానం దగ్గర. మా ఆవిడ రెండు రోజులు నీళ్లు తాగడం మానేసింది, బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని. 30 మందికి రెండు బాత్రూములని లలిత గారు రాసింది చదవగానే అదే గుర్తొచ్చింది. నేను ప్లంబింగ్ సామాను వ్యాపారం చేస్తాను. మూడో బాత్రూముకు కావాల్సిన పైపులు, కుళాయిలు, కమోడ్ నేను పంపిస్తాను. కొలతలు పంపండి.

కాలేజీ_అఖిల్ · ఉదయం 9:25

మేం ఇంజినీరింగ్ విద్యార్థులం, 15 మందిమి ఉన్నాం. వచ్చి సర్వీస్ చేస్తాం. ఒక వీడియో తీసి పెడితే ఇంకా చాలామంది ముందుకు వస్తారని అనిపిస్తోంది. తీయొచ్చా?

నాంపల్లి_దర్జీ · ఉదయం 9:58

తమ్ముడూ, వద్దు. నేను అన్నం ప్లేటు పట్టుకున్న ఫోటో ఒకటి 2020లో ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఇంట్లోవాళ్లకు నేను హైదరాబాద్‌లో పని చేస్తున్నాననే చెప్పాను. మా ఊళ్లో ఒకతను ఆ ఫోటో మా నాన్నకు చూపించాడు. నాన్న నాతో ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఊళ్లో హోటల్‌కు టీ తాగడానికి వెళ్లలేదని అమ్మ చెప్పింది.

అది ఆడవాళ్ల షెల్టర్. కొట్టే మొగుడి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. వీడియోలో మొహం కనిపించకపోయినా గేటు కనిపిస్తే చాలు.

కాలేజీ_అఖిల్ · ఉదయం 10:06

క్షమించండి అన్నా. ఆ వైపు నుంచి ఆలోచించలేదు. ఫోన్లు బయటే పెట్టి వస్తాం. పరుపులు ఎండలో వేయడం, నల్లుల మందు కొట్టించడం మేం చూసుకుంటాం. లోపల ఆడవాళ్లు ఉంటారు కాబట్టి మా బ్యాచ్ అమ్మాయిలు ఎనిమిది మంది వస్తారు, మేం కింద ఉంటాం.

శ్రీనివాస్_సి_బ్లాక్ · మధ్యాహ్నం 3:15

మీటింగ్‌కు ముందు ఒకసారి చూద్దామని నిన్న సాయంత్రం లలిత గారితో వెళ్లాను. మగవాళ్లను పైకి రానివ్వరు, కింద గేటు దగ్గరే కేర్‌టేకర్‌తో మాట్లాడాను. ఆవిడ వెనకే మెట్ల మీద ఒకామె కూర్చుని పూలు కడుతోంది. చూస్తే మా చిన్నమ్మాయి స్కూలు గేటు దగ్గర పూలు అమ్మే ఆవిడే. రెండేళ్లుగా శుక్రవారం శుక్రవారం ఆవిడ దగ్గరే కొంటున్నాం. నన్ను గుర్తుపట్టి "పాప బాగుందా అయ్యా?" అంది. నేను ఏం మాట్లాడాలో తెలియక తలూపి వచ్చేశాను.

సందులో లైటు, గేటు ముందు కూర్చునేవాళ్ల సమస్య తేలాలన్న మాట మీద మాత్రం నిలబడతాను. అది లోపలివాళ్లకూ అవసరమని ఇప్పుడు తెలిసింది. లైటు కోసం అర్జీ నా పేరు మీదే పెడతాను. వైన్ షాపు గురించి పోలీసులకు రాసే కాగితం మీద కాలనీ అంతా సంతకాలు చేయాలి.

లలిత_సికింద్రాబాద్ · తర్వాతి బుధవారం, రాత్రి 8:30

మీటింగ్ సంగతి చెబుతాను. అసోసియేషన్ నిధి నుంచి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, మెయింటెనెన్స్ డబ్బు దీనికి వాడకూడదని ఇద్దరు గట్టిగా అన్నారు. నేనూ వాదించలేదు. విడిగా 14 ఇళ్లవాళ్లు నెలకు 200 ఇస్తామన్నారు. అంటే 2,800. సబ్బులు, ప్యాడ్లు, ఫినాయిల్‌కు సరిపోతుందని కేర్‌టేకర్ అంది. బిల్లులు గోడ మీద అంటిస్తాం. దుప్పట్లలో 60 తీసి, సాయి గారు చెప్పిన చోట్లకు కాకుండా, వార్డు సిస్టర్ గారి ఆసుపత్రి బయట పడుకునే రోగుల అటెండెంట్లకు ఇచ్చాం. రాత్రి 12 డిగ్రీలకు పడిపోతోంది, అక్కడ ఎవరి దగ్గరా రెండోది లేదు.

ఫ్రిజ్ బి బ్లాక్ నుంచి వచ్చింది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఐదుగురు ఉన్నారు. సంతకాల కాగితం పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం, లైటు ఇంకా రాలేదు. కింద హాలులో మంచాలకు హాలు చూసుకునేవాళ్లు ఒప్పుకోలేదు, మళ్లీ అడుగుతాం.

నిన్న మంగళవారం మొదటిసారి కూర్చున్నాను, సాయంత్రం 4 నుంచి 6. ఇక ప్రతి మంగళవారం. తొమ్మిది మంది వచ్చారు. 31 మందిలో 12 మందికి ఆధార్ లేదు, ఏడుగురికి నంబర్ లింక్ కాలేదు. సుజాత గారూ, ఆ సర్టిఫికెట్ నమూనా నాకు మెసేజ్‌లో పంపండి.

మందుల చీటీ చూపించిన పెద్దావిడ కూడా వచ్చింది. గోళీల డబ్బా మీద సూర్యుడు, చందమామ బొమ్మలు గీసి ఇచ్చాను. కాసేపు చూసి, "చదువు రానోళ్లు ఇక్కడ ఇంకా ఆరుగురు ఉన్నారు, వాళ్లకూ గీస్తావా?" అని అడిగింది. వచ్చే వారం రంగు స్కెచ్‌లు తీసుకెళ్తున్నాను.

రాత్రి_డ్యూటీ · రాత్రి 9:05

లలిత గారూ, ఇంకొక్కటి మర్చిపోయాను. బాత్రూముకు వెళ్లడానికి రబ్బరు చెప్పులు. జారిపడి చెయ్యి విరిగినవాళ్లను చూశాను. అన్నీ ఒకే సైజు కొనకండి, అడిగి తీసుకెళ్లండి.

లలిత_సికింద్రాబాద్ · రాత్రి 9:11

మంగళవారం సైజులు రాసుకొస్తాను.